స్టేషన్లు ఐదు, ప్రయాణం నాలుగు: టైమ్‌లైన్ మీద పీరియడ్లు ఎలా లెక్కపెట్టాలి?

ఇవాళ కొత్త ఫార్ములా ఏమీ లేదు. పాత ఫార్ములాలే, వాటిలో మనం పెట్టే ఒక్క అంకె గురించి మాట్లాడుకుందాం. ఆ అంకె ‘ఎన్’. ఎన్ని పీరియడ్లు అన్నదే ఎన్. వడ్డీ రేటు లెక్కలోనే ఇచ్చేస్తారు, డబ్బు ఎంతో కూడా ఇచ్చేస్తారు. ఎన్ మాత్రం మనమే వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. తేడా వచ్చేది సరిగ్గా అక్కడే.

బాపట్లలో బీకాం చదువుతున్న ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. ‘సార్, ఫార్ములాలన్నీ వచ్చు, టేబుల్ చూడడం వచ్చు. కానీ ఆప్షన్లలో రెండు జవాబులు దగ్గర దగ్గరగా ఉంటాయి, నాకు ఎప్పుడూ తప్పుదే వస్తుంది’ అని. పరీక్షలో ఆ తప్పు ఆప్షన్ పెట్టేవాళ్లు ఊరికే పెట్టరండీ. పిల్లలు ఎక్కడ ఒక సంవత్సరం ఎక్కువ లెక్కపెడతారో వాళ్లకి బాగా తెలుసు. ఆ అమ్మాయి పంపిన లెక్క ఇదీ: ఏటా రూ. 10,000 చొప్పున ఆరు సార్లు డబ్బు వస్తుంది. మొదటిసారి నాలుగో సంవత్సరం చివర వస్తుంది. వడ్డీ 10 శాతం. ఇవాళ ఈ మొత్తం విలువ ఎంత? ఆప్షన్లలో రూ. 32,722 ఉంది, రూ. 29,747 ఉంది. రెండూ నిజమే అనిపించేలా ఉన్నాయి. కాసేపు దీన్ని పక్కన పెట్టండి, మళ్లీ వద్దాం.

ముందు తెనాలి స్టేషన్‌కి వెళ్దాం. అక్కడ లైను చీలుతుంది గదా. ఒకటి బాపట్ల మీదుగా చీరాల, ఒంగోలు, చెన్నై వైపు పోతుంది. ఇంకొకటి రేపల్లె దాకా వెళ్లి అక్కడితో ఆగిపోతుంది. మనం ఆ రేపల్లె బండి ఎక్కుదాం. తెనాలి, జంపని, వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె. మధ్యలో ఇంకా చిన్న స్టేషన్లున్నాయి, బోర్డు మీద చోటు చాలక వదిలేస్తున్నా, ఆ ఊళ్లవాళ్లు ఏమీ అనుకోవద్దు. ఇప్పుడు చెప్పండి, స్టేషన్లు ఎన్ని? ఐదు. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి ప్రయాణం ఎన్నిసార్లు? నాలుగు. తెనాలిలో ఎక్కాం కాబట్టి తెనాలికి ప్రయాణం లేదు. అది సున్నా.

జనం ఎక్కేదీ దిగేదీ స్టేషన్లో. టికెట్ డబ్బులు మాత్రం స్టేషన్‌కి కాదు, మధ్యలో నడిచిన దూరానికి. డబ్బు కూడా అంతే. పేమెంట్ అనేది ఒక గీటు మీద జరుగుతుంది. వడ్డీ అనేది రెండు గీట్ల మధ్య ఖాళీలో పెరుగుతుంది. టైమ్‌లైన్ మీద 0, 1, 2, 3 అని రాస్తామే, ఆ అంకెలు గీట్ల పేర్లు, ఖాళీల పేర్లు కావు. చాలామంది పిల్లలు ‘1’ అంటే మొదటి సంవత్సరం అనుకుంటారు. కాదండీ. 1 అంటే మొదటి సంవత్సరం అయిపోయిన క్షణం.

ఇది అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు పుస్తకం అక్కర్లేదు. మన ఇళ్లలో పెద్దవాళ్ల మాట చాలు. ‘పిల్లకి పదహారో ఏడు వచ్చింది’ అంటారు. అప్పుడు ఆ అమ్మాయి వయసు ఎంత? పదిహేను నిండింది, పదహారు నడుస్తోంది. చూశారా, రెండు మాటలు ఉన్నాయి మనకి. నిండడం వేరు, నడవడం వేరు. నిండింది అంటే గీటు. నడుస్తోంది అంటే ఖాళీ. పదహారో ఏడు అనే ఖాళీ 15 అనే గీటు దగ్గర మొదలై 16 అనే గీటు దగ్గర ముగుస్తుంది. స్కూలు అప్లికేషన్‌లో నిండిన వయసు రాస్తాం, అమ్మమ్మ మాత్రం నడిచే వయసు చెబుతుంది. ఇద్దరూ కరెక్టే.

ఇప్పుడు ‘నాలుగో సంవత్సరం చివర’ అంటే ఏ గీటు? నాలుగో ఏడు నిండిన చోటు, అంటే 4. ‘ఐదో సంవత్సరం మొదట’ అంటే? అది కూడా 4 మీదే! డిసెంబర్ 31 రాత్రి పన్నెండు, జనవరి 1 తెల్లవారుజాము సున్నా గంటలు, రెండూ ఒకటే క్షణం గదా. ప్రశ్నలో ఒకచోట ‘ఐదో సంవత్సరం మొదట’ అని, ఇంకోచోట ‘నాలుగో సంవత్సరం చివర’ అని రాస్తే రెండు వేరు వేరు గీట్లు గీసేవాళ్లున్నారు. ఒక్కటే గీటు. ఇక ‘నాలుగేళ్ల తర్వాత’ అన్నా 4 మీదే. ‘నాలుగో ఏట’ అని మాత్రమే ఉంటే అది అస్పష్టం. మొదటా చివరా అని చెప్పకపోతే చివర అని తీసుకోవడం పుస్తకాల ఆనవాయితీ.

సరే, ఆ అమ్మాయి లెక్కకి వద్దాం. నోట్‌బుక్ అడ్డంగా తిప్పి ఒక గీత గీయండి. సున్నా నుంచి పది దాకా గీట్లు పెట్టండి. పది ఎందుకంటే చివరి పేమెంట్ ఎక్కడ పడుతుందో మనకింకా తెలియదు. మొదటిది 4 మీద. తర్వాత 5, 6, 7, 8, 9. ఆరు అయ్యాయి. ‘నాలుగు, ఆరు కలిపితే పది కదా సార్’ అని చివరి పేమెంట్‌ని 10 మీద పెట్టేవాళ్లు ఉంటారు. 4 మీద కూడా ఒక పేమెంట్ ఉంది కదా, దాన్ని మర్చిపోతే పది వస్తుంది. నాలుగు నుంచి తొమ్మిది దాకా గీట్లు ఆరు, వాటి మధ్య ఖాళీలు ఐదు.

ఇప్పుడు టేబుల్. ఆరు పేమెంట్లు, 10 శాతం, అంకె 4.3553. పదివేలతో గుణిస్తే రూ. 43,553. ఈ డబ్బు టైమ్‌లైన్ మీద ఎక్కడ ఉంది? అసలు ప్రశ్న ఇదే. మొదటి పేమెంట్ 4 మీద ఉంది కాబట్టి ఇది కూడా 4 మీదే ఉంది అనుకుని, నాలుగేళ్లు వెనక్కి తెస్తే రూ. 29,747 వస్తుంది. అదే ఆ వల.

ఆ 4.3553 ఎలా పుట్టిందో ఒక్కసారి విప్పి చూడండి. మొదటి పేమెంట్‌ని 1.1తో ఒకసారి భాగించారు. రెండోదాన్ని రెండుసార్లు. మూడోదాన్ని మూడుసార్లు. అలా ఆరోదాన్ని ఆరుసార్లు. అన్నీ కలిపారు. మొదటి పేమెంట్‌ని కూడా ఒకసారి భాగించారంటే దాన్ని కూడా ఒక ఖాళీ వెనక్కి లాగారన్నమాట. కాబట్టి ఆ మొత్తం నిలబడేది మొదటి పేమెంట్ మీద కాదు, దానికి ఒక గీటు వెనక. మన లెక్కలో 3 మీద. మూడు నుంచి సున్నాకి ఖాళీలు మూడు. రూ. 43,553ని 1.331తో భాగిస్తే రూ. 32,722. అదీ జవాబు.

నమ్మకం లేకపోతే ఇంకో దారిలో సరిచూసుకోండి. తొమ్మిదేళ్లూ డబ్బు వచ్చిందనుకుంటే టేబుల్ అంకె 5.7590. రాని మూడేళ్లకి అంకె 2.4869. తీసేయండి, 3.2721. పదివేలతో గుణిస్తే రూ. 32,721. ఆ ఒక్క రూపాయి తేడా టేబుల్లో దశాంశాలు కోసేయడం వల్ల. దీన్ని నేను పరీక్షలో తప్పకుండా చేయమంటాను, అర నిమిషం కూడా పట్టదు. రెండు దారుల్లో ఒకటే ఊరికి చేరితే దారి సరైనదే.

భవిష్యత్తు విలువ టేబుల్ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అది చివరి పేమెంట్ గీటు మీదే ఆగుతుంది, దాని తర్వాత ఒక్క ఖాళీ కూడా నడవదు. ఈ సంగతి రికరింగ్ డిపాజిట్ దగ్గర మళ్లీ కావాలి.

పరీక్ష సంగతి అయింది. ఇప్పుడు పొలం.

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్లే. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవ నీళ్లు వస్తే నాట్లు పడతాయి. కౌలుకి చేసేవాళ్లు చాలామంది. కౌలు రెండు రకాలుగా మాట్లాడుకుంటారు: పంట వేయకముందే డబ్బు చేతిలో పెట్టడం, లేదా పంట వచ్చాక ఇవ్వడం. కొన్నిచోట్ల బస్తాల లెక్కన మాట్లాడుకుంటారు, దాన్ని ఇవాళ ముట్టుకోను. ఒక ఉదాహరణ అనుకుందాం. ఎకరానికి జూన్ 15న ముందే ఇస్తే రూ. 30,000. పంట అమ్మాక జనవరి 15న, సంక్రాంతి సమయానికి ఇస్తే రూ. 34,500. కౌలుదారు దగ్గర చేతిలో డబ్బు లేదు. ముందే ఇవ్వాలంటే రెండు రూపాయల వడ్డీకి తేవాలి. అంటే నూటికి నెలకి రెండు రూపాయలు. ముప్పై వేలకి నెలకి రూ. 600.

ఏది మేలు? నెలలు లెక్కపెట్టండి. వేళ్లు మడుస్తూ చెప్పండి: జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి. ఎనిమిది. ఎనిమిది ఆరువందలు రూ. 4,800. అసలుతో కలిపి రూ. 34,800. ‘అప్పు తెచ్చి ముందే కట్టడం కంటే పంట వచ్చాక 34,500 ఇవ్వడమే నయం’ అని తేలుతుంది.

కానీ మనం మడిచినవి వేళ్లు కాదు, స్టేషన్లు! జూన్ 15, జూలై 15 నుంచి జనవరి 15 దాకా గీట్లు ఎనిమిది, ఖాళీలు ఏడు. వడ్డీ నడిచేది ఖాళీల్లో. ఏడు ఆరువందలు రూ. 4,200. మొత్తం రూ. 34,200. ఇప్పుడు అప్పు తెచ్చి ముందే కట్టడం ఎకరానికి రూ. 300 తక్కువ. నిర్ణయమే తిరగబడింది చూడండి. వడ్డీ రేటు మారలేదు, కౌలు మారలేదు. ఒక్క వేలు ఎక్కువ మడిచాం, అంతే. ఐదెకరాలు చేసేవాడికి అది పదిహేను వందలు. ఇంకో మాట, అప్పు ఇచ్చినాయన కూడా ఎనిమిది అని మడిస్తే ఎకరానికి ఆరువందలు ఊరికే పోతాయి. ఆయన ముందు కూర్చుని తేదీ నుంచి తేదీకి లెక్క చెప్పండి, నెలల పేర్లు చెప్పకండి.

ఇక్కడ ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. మూడు వందలు తక్కువ కాబట్టి ముందే కట్టేయండి అని నేను అనడం లేదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. డెల్టాలో వరి కోతకొచ్చే రోజులవి. ముందే కౌలు కట్టేసినవాడికి పంట పోతే, ఆ డబ్బుని వెనక్కి అడగడం కష్టం. పంట తర్వాత ఇచ్చే ఒప్పందంలో కనీసం కూర్చుని మాట్లాడుకునే వీలుంటుంది. ఎకరానికి మూడు వందలు ఆ వీలుకి ఎక్కువ ధరేమీ కాదని నా ఉద్దేశం. కానీ ఆ మాట అనాలన్నా ముందు ఆ మూడు వందలు సరిగ్గా లెక్క తేలాలి కదా. ఎనిమిది నెలలు అనుకున్నవాడికి అసలు అక్కడ ఎంచుకోవడానికి రెండు దారులున్నాయనే తెలియదు.

ఈ వేళ్ల లెక్క మన ఒక్కళ్లదే కాదు లెండి. జూలియస్ సీజర్ క్రీ.పూ. 45లో కొత్త క్యాలెండర్ పెట్టి, నాలుగేళ్లకి ఒకసారి ఒక రోజు ఎక్కువ కలపమన్నాడు. ఆయన పోయాక పూజారులు ‘ప్రతి నాలుగో ఏడు’ అన్నదాన్ని ఎలా మడిచారంటే, పోయినసారి కలిపిన ఏడాదిని ఒకటిగా పట్టుకుని లెక్కపెట్టారు. దాంతో మూడేళ్లకోసారి కలిపేశారు. 36 ఏళ్లలో తొమ్మిది రోజులు కలపాల్సింది పన్నెండు కలిపారు. తర్వాత ఆగస్టస్ చక్రవర్తి కొన్నేళ్లు లీపు లేకుండా ఆపించి సరిచేయాల్సి వచ్చింది. మనవాళ్లు కాస్త జాగ్రత్తపరులు, ‘రోజు విడిచి రోజు’ అంటారు. మధ్యలో ఖాళీ ఉందని మాటలోనే చెప్పేశారు.

ఇక ప్రాంసరీ నోటు. ఇందులో పీరియడ్ అంటే ఎంత అన్నదే అసలు చిక్కు. అడగ్గానే చెల్లించే నోటుకి కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్లు గడువు. నోటు రాసిన రోజు లెక్కలోకి రాదు, చట్టమే దాన్ని వదిలేయమంటుంది. అంటే ఆ రోజు సున్నా అన్నమాట, మన తెనాలి స్టేషన్. గడువు దాటేలోపు కోర్టుకైనా వెళ్లాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. తిరగరాసేటప్పుడు చాలాచోట్ల ఏం చేస్తారు? అప్పటిదాకా అయిన వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తారు.

లక్ష రూపాయలు, రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లంటే 36 నెలలు, వడ్డీ రూ. 72,000. కొత్త నోటు రూ. 1,72,000కి. ఇంకో మూడేళ్లకి దాని మీద వడ్డీ రూ. 1,23,840. మొత్తం రూ. 2,95,840. అదే ఆరేళ్లూ మామూలు వడ్డీయే అనుకుంటే రూ. 2,44,000. తేడా రూ. 51,840. ‘మాది మామూలు వడ్డీయే, చక్రవడ్డీ కాదు’ అని ఇద్దరూ అనుకుంటూనే ఉంటారు. కానీ టైమ్‌లైన్ గీస్తే కనపడుతుంది: ఇది మూడేళ్లకోసారి తిరిగే చక్రవడ్డీ. పీరియడ్ నెల కాదు, ఏడాది కాదు, మూడేళ్లు. ఎన్ విలువ 72 కాదు, 6 కాదు, 2. పీరియడ్‌కి రేటు 72 శాతం. ఆ రేటు వింటే గుండె గుభేల్‌మంటుంది గదా. మీ ఇంట్లో బీరువాలో నోటు ఏదైనా ఉంటే, ఎవరు ఎవరికి రాసిందైనా సరే, ఎన్నిసార్లు తిరగరాశారో అడగండి.

రికరింగ్ డిపాజిట్ త్వరగా చూద్దాం. పోస్టాఫీసులో ఐదేళ్లది, నెలకి రూ. 100 అనుకోండి. 60 సార్లు కడతాం. మొదటి వంద ఖాతా తెరిచిన రోజే కడతాం, అంటే సున్నా మీద. కాబట్టి చివరిది 60 మీద కాదు, 59 మీద. డబ్బు చేతికొచ్చేది మాత్రం 60 మీద. ఇందాక చెప్పాను కదా, టేబుల్ చివరి పేమెంట్ మీదే ఆగిపోతుందని. 6.7 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి చక్రవడ్డీ అనుకుని కడితే 59 మీద సుమారు రూ. 7,097 ఉంటుంది. ఇంకో ఒక్క ఖాళీ నడిపిస్తే 60 మీద సుమారు రూ. 7,136. ఆ ఖాళీ విలువ 39 రూపాయలు. నెలకి ఐదువేలు కట్టేవాళ్లకి దగ్గర దగ్గర రెండు వేలు. ఇంట్లో లెక్క వేసుకుని ‘పోస్టాఫీసువాళ్లు ఎక్కువ ఇచ్చారేంటి’ అని ఆశ్చర్యపోనక్కర్లేదు, మన లెక్క ఒక నెల ముందే ఆగిపోయింది.

ఫోన్లో షీట్లు వాడేవాళ్లకి ఒక ముక్క. ఎక్సెల్‌లో అయినా గూగుల్ షీట్స్‌లో అయినా పీవీ, ఎఫ్‌వీ ఫంక్షన్లలో చివర ఒక గడి ఉంటుంది. ఖాళీగా వదిలితే అది 0, అంటే పేమెంట్లన్నీ పీరియడ్ చివర అని అర్థం. పీరియడ్ మొదట అయితే 1 పెట్టాలి. మన రికరింగ్ డిపాజిట్‌కి 1. ఎన్‌పీవీ ఫంక్షన్ ఇంకా చిత్రం. దానికి మీరిచ్చే మొదటి అంకెని కూడా అది ఒక పీరియడ్ వెనక్కి లాగుతుంది. ఇవాళ పెట్టే పెట్టుబడిని దాని లోపల పెడితే ఇవాళ్టి డబ్బుని కూడా తగ్గించేస్తుంది. సున్నా మీద ఉన్న డబ్బుని ఫంక్షన్ బయట పెట్టి విడిగా కలపండి. మెషీన్‌కి స్టేషన్లు తెలియవు, మనం ఇచ్చిన వరస ఒక్కటే తెలుసు.

పోయేముందు ఒక లెక్క ఇస్తున్నా, గీత గీసి పెట్టుకోండి. ఇరవై మంది కలిసి వేసుకున్న చీటీ, నెలకి రూ. 5,000, మొదటి పాట జనవరి 5న. అందరూ అదే రోజు మొదటి వాయిదా కట్టారు. చివరి పాట ఏ నెల 5న పడుతుంది? చివర చీటీ ఎత్తుకునే ఆవిడ మొదట కట్టిన ఐదువేలు ఎన్ని నెలలు వేరేవాళ్ల దగ్గర తిరిగినట్టు? ‘ఇరవై నెలల చీటీ’ అనే పేరు చూసి జవాబు రాయకండి. వచ్చే ఎపిసోడ్ ఈ గీత దగ్గర నుంచే మొదలుపెడదాం, పాటలో పోయిన డబ్బుని కూడా గీట్ల మీద పెట్టి ఆవిడకి నిజంగా ఎంత వడ్డీ గిట్టిందో తేలుద్దాం. ఉంటానండీ.